ఆసుపత్రి డాక్టర్ల పరిశోధన: విశాఖలో రోగులు, బంధువులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను. విశాఖలో ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో, అంటే అక్కడి పరిశోధనలు రోగులకు న్యాయంగా జరుగుతాయా అని చూసి అనుమతిచ్చే సంఘంలో, సామాన్య సభ్యుణ్ని. వైద్యం చదవనివాడు ఒకడైనా కమిటీలో ఉండాలని చట్టం చెబుతుంది కాబట్టి నాకా కుర్చీ దక్కింది. ఓపీ బయట బెంచీల మీద, వార్డు వరండాల్లో జనం అడిగే ప్రశ్నలు కొన్ని ఇక్కడ పెట్టాను. మందుల సంగతి మీ డాక్టరు గారితోనే మాట్లాడండి. మీకున్న హక్కులు, ఆసుపత్రి పాటించాల్సిన పద్ధతులు మాత్రం ఇక్కడ చదవొచ్చు.

డాక్టరు గారు "మా స్టడీలో చేరతారా" అని అడిగారు. అంటే ఏంటి?

మీ జబ్బు విషయంలో ఇంకా తేలని ప్రశ్న ఒకటి ఉంది, దాని జవాబు కోసం మీ సాయం కావాలి అని. స్టడీలన్నీ ఒకలాంటివి కావు. కొన్నిటిలో మీకు జరిగే వైద్యం ఇసుమంతైనా మారదు. వివరాలు రాసుకుంటారు, ఎలాగూ తీసే రక్తంతో పాటు ఇంకో ట్యూబు ఎక్కువ తీస్తారు, ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతారు. ఇది పరిశీలన. మరికొన్నిటిలో మీకు ఏ మందు, ఏ ఆపరేషన్, ఎంత మోతాదు అన్నదే స్టడీ ప్రణాళికను బట్టి ఉంటుంది. దాన్నే క్లినికల్ ట్రయల్ అంటారు.

అందుకే మొదట అడగాల్సింది ఒకటే: "దీనివల్ల నా వైద్యంలో ఏమైనా మారుతుందా?" మారదంటే సగం బెంగ తీరినట్టే. మారుతుందంటే కింది ప్రశ్నలన్నీ నిదానంగా చదవండి.

వైద్యం చేసే డాక్టరే పరిశోధనా చేస్తే ఇబ్బంది లేదా?

ఉంది. కమిటీ గదిలో మేం ఎక్కువసేపు మాట్లాడుకునేది దీని గురించే.

మీకు వైద్యం చేసేటప్పుడు డాక్టరు గారి చూపంతా మీ ఒక్కరి మీదే ఉంటుంది. మందు పడకపోతే మారుస్తారు, మోతాదు తగ్గిస్తారు, వద్దనుకుంటే ఆపేస్తారు. పరిశోధనలో అలా కాదు. ఎవరికి ఏ మందు, ఎన్నాళ్ళు, ఏ రోజున ఏ పరీక్ష అన్నది ముందే రాసి పెట్టుకున్న ప్రోటోకాల్ ఉంటుంది, దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. ఆ పని వల్ల మేలు జరిగేది ముఖ్యంగా రేపు వచ్చే రోగులకు. ఈ రోజు మంచం మీద ఉన్న మీకు మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు.

చిక్కల్లా ఎక్కడంటే, రోగి ఈ తేడా గమనించడు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మెట్లెక్కి వచ్చిన మనిషికి తెల్లకోటు వేసుకున్న ఆయన ఏం చెప్పినా తన కోసమే అనిపిస్తుంది. "మీరెలా చెబితే అలాగే బాబూ" అని సంతకం పెట్టేస్తాడు. నమ్మకం మంచిదే. కానీ ఆ నమ్మకం వైద్యుడి మీద పెట్టుకున్నది, పరిశోధకుడి మీద పెట్టుకున్నది కాదు. అందుకని మీ డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి: "ఈ స్టడీ లేకపోతే నాకు ఏం రాసేవారు?" మంచి పరిశోధకుడు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు, సూటిగా చెబుతాడు. నీళ్ళు నమిలితే ఆ రోజుకి సంతకం పెట్టకుండా ఇంటికి వెళ్ళండి.

అసలు ఆసుపత్రి డాక్టర్లకు పరిశోధనతో పనేంటి? అది లేబరేటరీలో శాస్త్రవేత్తలు చేసుకోవాలి కదా?

లేబరేటరీలో మందు పుడుతుంది. అది మనిషికి పని చేస్తుందా లేదా అన్నది మాత్రం వార్డులోనే తేలాలి. పైగా కొన్ని జబ్బులు ముందుగా కంటబడేది ఓపీలో కూర్చున్న డాక్టరుకే.

మన ఉత్తరాంధ్ర సంగతే చూడండి. తీరప్రాంత పల్లెల్లో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉండేది, ముఖ్యంగా ఆడవాళ్ళలో. అడ్డపొగ అంటాం. పెద్దవాళ్ళలో అక్కడక్కడా ఇప్పటికీ ఉంది. మిగతా ప్రపంచంలో అరుదుగా కనిపించే అంగిలి కాన్సర్ ఇక్కడి ఆసుపత్రుల్లో ఇంతమందికి ఎందుకొస్తోందని 1950ల్లోనే ఆంధ్ర మెడికల్ కాలేజీ వైద్యులు ఆరా తీశారు. వచ్చిన రోగుల్ని వాళ్ళ అలవాట్లు అడిగి, ఆ లింకును పత్రికల్లో రాశారు. ఆ తర్వాత శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించిన పెద్ద అధ్యయనం 1971లో అచ్చయింది. నోటి కాన్సర్ గురించి ప్రపంచంలో ఎక్కడ చదువుకున్నా ఈ చుట్టల ప్రస్తావన తగులుతుంది. దీనికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేకపోయింది. ఎదురుగా కూర్చున్న రోగిని సరైన ప్రశ్న అడగడం, జవాబుల్ని పద్ధతిగా రాసుకోవడం, అంతే.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం కిడ్నీ జబ్బు ఇంకో ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి షుగరూ బీపీ లేని కొబ్బరి తోటల కూలీలు, జీడితోటల రైతులు కిడ్నీలు చెడిపోయి విశాఖకు వస్తూంటే, ఇది మామూలు వరస కాదని మొదట గమనించిన వాళ్ళలో ఇక్కడి నెఫ్రాలజీ డాక్టర్లున్నారు. నీళ్ళా, ఎండలో ఒళ్ళు ఎండిపోయేలా చేసే పనా, పురుగు మందులా, నొప్పి మాత్రలా, జన్యువులా? ఎన్నో అనుమానాల మీద పరీక్షలు జరిగాయి. ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. ఈ ప్రశ్నకు బోస్టన్‌లోనో లండన్‌లోనో కూర్చున్నవాళ్ళు జవాబు వెతుకుతారని ఎదురు చూస్తే మనకు మిగిలేది డయాలసిస్ మంచాలే.

ఇక కోవిడ్ కాలం. 2020లో ప్లాస్మా (కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసే ద్రవం) దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో జనం ఎంత అల్లాడిపోయారో గుర్తుండే ఉంటుంది. ఆ గోల మధ్యలోనే ఏప్రిల్ నుంచి జులై దాకా మన దేశంలో 39 ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల డాక్టర్లు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో 464 మంది రోగులతో ట్రయల్ చేశారు. కొందరికి ప్లాస్మా ఇచ్చారు, కొందరికి మామూలు వైద్యం. జబ్బు ముదరడంలో గానీ మరణాల్లో గానీ తేడా రాలేదు. 2021 మేలో ప్లాస్మాను జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుంచి తీసేశారు. ఒక మందు పని చేయదని తేల్చడమూ పరిశోధన సాధించే ఫలితమే. ఎన్ని కుటుంబాలకు ఎన్ని వేలు మిగిలాయో ఆలోచించండి.

పాతకాలపు ముచ్చట ఇంకొకటి. క్షయ రోగిని శానటోరియంలో (క్షయ కోసమే ఉండే ఆసుపత్రిలో) నెలల తరబడి ఉంచాల్సిందేనని నమ్మే రోజుల్లో, 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం ఇంట్లో ఉండి మందులు మింగినా అంతే బాగా నయమవుతుందని 1959లో చూపించింది. పెదవాల్తేరు చెస్ట్ ఆసుపత్రిలో మందులు రాయించుకుని బస్సెక్కి ఇంటికి వెళ్ళే ప్రతి టీబీ రోగీ ఆ స్టడీలో చేరిన పేద మద్రాసీలకు కొంత రుణపడి ఉన్నాడు.

విశాఖలో ఇవి ఎక్కడ జరుగుతాయి?

1923 నుంచి ఉన్న ఆంధ్ర మెడికల్ కాలేజీ, కేజీహెచ్. వాటికి అనుబంధంగా ఉన్న చెస్ట్, మానసిక, కంటి, ప్రసూతి ఆసుపత్రులు. హనుమంతవాక దగ్గర విమ్స్ (విశాఖ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్), ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి. ఆరిలోవ హెల్త్ సిటీ వైపున్న కార్పొరేట్ ఆసుపత్రులు, ప్రైవేటు మెడికల్ కాలేజీలు. కార్పొరేట్ ఆసుపత్రిలో జరిగేదంతా కంపెనీ ట్రయలే అనుకోకండి, ప్రభుత్వాసుపత్రిలో జరిగేదంతా చదువు కోసమే అనీ అనుకోకండి. రెండు చోట్లా రెండు రకాలూ ఉంటాయి.

చిన్న డాక్టరమ్మ వచ్చి "నా థీసిస్ కోసం" అని వివరాలు అడిగింది. అదీ పరిశోధనేనా?

అదీ పరిశోధనే. ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి పీజీ విద్యార్థీ ఒక థీసిస్ రాసి తీరాలి. పెద్దాసుపత్రుల్లో మీకు ఎదురయ్యే స్టడీల్లో చాలా భాగం ఇవే. పక్కన గైడుగా ఒక ప్రొఫెసర్ ఉంటారు. ఎథిక్స్ కమిటీ అనుమతి, మీ సమ్మతి దీనికీ తప్పనిసరి. "చదువు కోసమేనమ్మా" అని ఫారం లేకుండా కానిచ్చేస్తే అది పద్ధతి కాదు.

నా అభిప్రాయం ఒకటి చెప్పనివ్వండి. చాలా థీసిస్‌లు కట్టలు కట్టి లైబ్రరీ అరల్లో దుమ్ము పట్టిపోతాయి. పాత అంశాన్నే ఊరు మార్చి మళ్ళీ రాసేవీ తక్కువ కాదు. ఆ పిల్లల తప్పు కాదది. నైట్ డ్యూటీలు, ఓపీలు, పరీక్షల మధ్య పరిశోధనకు వాళ్ళకు దొరికే సమయం ఏపాటిది? అయినా మన జనం మీద, మన జబ్బుల మీద సమాచారం అక్కడే ఉంది. మంచి గైడు చేతిలో పడితే అది బంగారమవుతుంది.

మమ్మల్ని ఎలుకల్లా వాడుకుంటున్నారా?

ఈ భయం ఊరికే పుట్టలేదు, కాబట్టి కొట్టిపారేయను. 2009లో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. ఆ పిల్లల్లో గిరిజన హాస్టళ్ళలో చదివేవాళ్ళు చాలామంది. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2010లో ప్రాజెక్టు ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ పద్ధతిని తీవ్రంగా తప్పుబట్టింది. అక్కడ కొందరు పిల్లలు చనిపోయిన మాట నిజం. టీకా వల్లే చనిపోయారని మాత్రం విచారణలో తేలలేదు. ఆ టీకా ఈ రోజు ఎన్నో దేశాల్లో గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను అడ్డుకుంటోంది. వేసిన టీకా మంచిదే అయినా వేసిన తీరు చెడ్డదైతే జనం నమ్మకం ఎలా పోతుందో ఖమ్మం చూపించింది.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి పేద మహిళల్ని డబ్బు ఆశ చూపి హైదరాబాదుకు మందుల పరీక్షలకు తీసుకెళ్ళారన్న వార్తలూ అలాగే కలకలం రేపాయి.

ఇలాంటివి, సుప్రీంకోర్టు వ్యాజ్యాలు, ఇవన్నీ కలిసి 2013లో నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. ఈ పేజీలో నేను చెప్పే లెక్కలు చాలావరకు వాటిలోవే. ఎలుకకు లేనివి మీకు మూడున్నాయి: అడిగే హక్కు, వద్దనే హక్కు, నష్టమైతే పరిహారం పొందే హక్కు.

ఎథిక్స్ కమిటీలో ఎవరుంటారు? ఆసుపత్రి వాళ్ళే కదా?

కనీసం ఏడుగురు ఉండాలి. వాళ్ళలో సగం మంది ఆ సంస్థకు సంబంధం లేని వాళ్ళై ఉండాలి. అధ్యక్షుడూ బయటివారే. ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాజికవేత్తో స్వచ్ఛంద సంస్థ మనిషో, ఒక సామాన్య వ్యక్తి, కనీసం ఒక మహిళ తప్పనిసరి. స్టడీ చేసే డాక్టరు కమిటీలో సభ్యుడైతే తన స్టడీ చర్చకు వచ్చినప్పుడు నిర్ణయంలో పాల్గొనకూడదు.

మేం చేసే పని పైకి కనిపించేంత గంభీరమైంది కాదు. ఎక్కువగా "ఇది అర్థం కావట్లేదు, మళ్ళీ రాయండి" అని ఫారాలు తిప్పి పంపడమే. మా ఊరి కిళ్ళీ కొట్టాయన చదివి అర్థం చేసుకోలేని సమ్మతి పత్రానికి నేను ఓకే చెప్పను. దీంతో కొందరు డాక్టర్లకు నా మీద విసుగు. సంతకం పెట్టే ముందు రోగి అడగాల్సిన ప్రశ్నలే అవి కాబట్టి, రోగుల బదులు ఆ విసుగు నేను పడుతున్నాననుకుంటాను.

తొందర పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. 2020 జులై 2న కోవాగ్జిన్ ట్రయల్ కోసం ఐసీఎంఆర్ పన్నెండు ఆసుపత్రులకు లేఖ రాసింది, ఆ జాబితాలో కేజీహెచ్ పేరూ ఉంది. ఆగస్టు 15 నాటికి టీకా వాడకానికి సిద్ధం కావాలన్న మాట అందులో ఉండడంతో దేశమంతా విమర్శలు వచ్చాయి. టీకా వచ్చింది, కానీ ఆ తేదీకి రాలేదు. అత్యవసర అనుమతి దక్కింది 2021 జనవరిలో.

సమ్మతి పత్రంలో ఏం చూడాలి?

పేజీలు ఎక్కువుంటే కంగారు పడకండి. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటాననండి, అది మీ హక్కు. స్టడీ ఎందుకు, ఎన్నాళ్ళు, ఎన్నిసార్లు రావాలి, అదనంగా ఏ పరీక్షలు చేస్తారు, తెలిసిన దుష్ఫలితాలేంటి, చేరకపోతే నాకున్న వేరే వైద్యం ఏంటి, ఖర్చు ఎవరిది, నష్టమైతే ఎవరిస్తారు, అర్ధరాత్రి ఒళ్ళు బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. ఈ చివరిదాన్ని అందరూ వదిలేస్తారు. ఫోన్ నంబరు ఉందో లేదో చూడడమే కాదు, అక్కడే ఒకసారి రింగిచ్చి చూడండి.

పత్రం మీకు వచ్చిన భాషలో ఉండాలి. సంతకాలయ్యాక ఒక కాపీ మీకివ్వాలి.

మా అమ్మకు చదువు రాదు. వేలిముద్ర వేయించుకుంటే చాలా?

చాలదు. చదవడం రాని వాళ్ళకు పత్రమంతా చదివి వినిపించే సమయంలో నిష్పాక్షిక సాక్షి ఒకరు దగ్గరుండి, ఆమెకు అర్థమైందని, ఇష్టంతోనే ఒప్పుకుందని సంతకం చేయాలి. స్టడీ బృందంలో పనిచేసే కోఆర్డినేటరో, ఆ వార్డు పీజీనో సాక్షి అయితే అది నిష్పాక్షికం కాదు. ఇంకొకటి, అమ్మ మాట్లాడగలిగే స్థితిలో ఉంటే సమ్మతి ఆమెదే. కొడుకు గారు "నేను చెప్పాగా, పెట్టించుకోండి" అంటే కుదరదు.

మన్యం నుంచి వచ్చే వాళ్ళ విషయంలో నాకు ఎప్పుడూ దిగులే. పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి వచ్చే వాళ్ళలో కొందరికి కువి, ఆదివాసీ ఒడియా తప్ప తెలుగు అంతంతమాత్రం. కోరాపుట్, మల్కనగిరి నుంచి వచ్చేవాళ్ళు సరేసరి. తలూపితే అర్థమైనట్టు కాదు. భాష తెలిసిన మనిషిని పిలిచి చెప్పించాలి, తర్వాత "ఏం అర్థమైందో మీరు చెప్పండి" అని అడగాలి. కొత్త రసాయనంతో చేసే మందుల ట్రయల్స్‌లో, పాల్గొనేవాళ్ళు బలహీన వర్గానికి చెందినవాళ్ళైతే ఈ సమ్మతి ప్రక్రియ అంతా వీడియో తీయాలని నిబంధన. హెచ్‌ఐవీ, కుష్టు మందుల ట్రయల్స్‌లో ఆడియో రికార్డు చాలు, ముఖాలు బయటపడకుండా.

పిల్లల్ని చేర్చుకోవచ్చా?

తల్లిదండ్రుల సమ్మతితోనే. పిల్లవాడికి ఏడేళ్ళు దాటితే వాడి వయసుకు తగ్గట్టు చెప్పి వాడి ఒప్పుదలా తీసుకోవాలి. పన్నెండు దాటితే అది రాతపూర్వకంగా ఉండాలి.

నాకు మందు బదులు ఉత్త పిండి మాత్ర ఇచ్చేస్తారా?

కొన్ని స్టడీల్లో ప్లేసిబో వాడతారు. మందు గుణం ఎంత, మందు మింగాం కదా అన్న ధైర్యం ఎంత అన్నది విడదీయడానికి. అయితే ఇప్పటికే పని చేసే మందు ఉన్న జబ్బుకు దాన్ని ఆపేసి ఉత్త మాత్ర ఇవ్వడం అన్యాయం. సాధారణంగా అందరికీ మామూలు వైద్యం నడుస్తుంది, దానికి తోడుగా కొందరికి కొత్త మందు, కొందరికి ప్లేసిబో. ప్రామాణిక వైద్యం ఉండి కూడా ఇవ్వకుండా ప్లేసిబో ఇచ్చినందువల్ల నష్టం జరిగితే పరిహారం చెల్లించాలని చట్టంలోనే ఉంది.

ఎవరు ఏ గుంపులోకి వెళ్ళాలన్నది లాటరీ మాదిరి కంప్యూటరు తేలుస్తుంది. చాలాసార్లు మీ డాక్టరుకే తెలియదు మీకు ఏది అందుతోందో. ఎమర్జెన్సీ వస్తే ఆ సీలు విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది.

డబ్బులిస్తారా? ఖర్చు మాదా?

స్టడీ మందు, స్టడీ కోసమే చేసే పరీక్షలు మీకు ఉచితంగా అందాలి. రాకపోకల ఖర్చు, కూలీ పోయినందుకు కొంత ఇవ్వడం మామూలు. ఎంతన్నది కమిటీ ముందే చూస్తుంది. మనిషి డబ్బు కోసమే చేరేంత పెద్ద మొత్తం ఉండకూడదు. 1897లో సికింద్రాబాదులో మలేరియా గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్, దోమల చేత కుట్టించుకున్నందుకు హుస్సేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఇప్పుడా ప్రతిపాదన మా కమిటీకి వస్తే అణా సంగతి తర్వాత, దోమ దగ్గరే ఆపేస్తాం.

ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద చేరినవాళ్ళైతే దేనికి కార్డు వాడుతున్నారు, దేనికి స్టడీ డబ్బు వాడుతున్నారు అన్నది ముందే విడివిడిగా చెప్పించుకోండి.

డాక్టరు గారికి కంపెనీ డబ్బులిస్తుందా?

కంపెనీ ట్రయల్ అయితే ఆసుపత్రితో, డాక్టరుతో ఒప్పందం ఉంటుంది, ఫీజు ఉంటుంది. దొంగతనంగా తీసుకునేదేమీ కాదు, ఆ ఒప్పందం కమిటీ ముందుకు రావాలి. మీరూ అడగొచ్చు. ఎంతమంది రోగుల్ని చేర్చితే అంత డబ్బు అనే లెక్క ఉన్నచోట ఒత్తిడి ఎటు లాగుతుందో వేరే చెప్పాలా?

మధ్యలో మానేస్తే?

ఏ రోజైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు. మీ మామూలు వైద్యం ఆగకూడదు. కాకపోతే కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం కాబట్టి, చెప్పాపెట్టకుండా రావడం మానేయకండి. వచ్చి చెప్పి మానేయండి.

నాకేదైనా అయితే ఎవరిది బాధ్యత?

ట్రయల్‌లో ఉండగా ప్రాణం మీదకు వస్తే, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, డాక్టరు 24 గంటల్లోగా ఆ విషయాన్ని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులకు, స్పాన్సరుకు (ట్రయల్ చేయించే కంపెనీ లేదా సంస్థకు), ఎథిక్స్ కమిటీకి తెలపాలి. విశ్లేషణతో కూడిన నివేదిక 14 రోజుల్లో వెళ్ళాలి. అది ట్రయల్ వల్ల కాదని తేలే దాకా, లేదా అవసరం తీరే దాకా వైద్యం ఉచితం. ముందు వైద్యం, తర్వాతే కారణం ఎవరన్న వాదన. ఈ వరస తిప్పి చెప్పేవాళ్ళ మాట వినకండి.

ట్రయల్ వల్లే మరణం సంభవించిందని తేలితే పరిహారానికి లెక్క ఉంది. ఎనిమిది లక్షలు మూలం. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో, చేరేనాటికి జబ్బు తీవ్రతను బట్టి 0.5 నుంచి 4 దాకా ఉండే ఇంకో అంకెతో హెచ్చించి, 99.37తో భాగిస్తారు. నలభై ఏళ్ళ మనిషికి వయసు అంకె 184.17. ఆయన జబ్బు మధ్యస్థం, అంటే అంకె 2 అనుకుంటే దాదాపు 29.65 లక్షలు. 65 దాటిన, ఆరు నెలలకు మించి బతకడని అనుకున్న రోగికి 4 లక్షలు. ఆరోగ్యంగా ఉన్న పదహారేళ్ళ కుర్రవాడికైతే 73 లక్షల పైచిలుకు. నెలలోపే పోయే అవకాశం తొంభై శాతం పైన ఉన్న రోగి విషయంలో మాత్రం 2 లక్షలే. ప్రాణానికి ధర కట్టడం వినడానికి కటువుగానే ఉంటుంది, కానీ లెక్కంటూ ఉంది కాబట్టి బేరాలు ఆగాయి. అధికారుల ఉత్తర్వు వచ్చాక 30 రోజుల్లో స్పాన్సర్ చెల్లించాలి.

మందు పని చేయకపోవడమే పరిహారానికి కారణం కాదు. ప్రామాణిక వైద్యం ఉన్నా ఇవ్వకపోవడం, ప్రోటోకాల్ తప్పడం, నిర్లక్ష్యం, మందు దుష్ఫలితం, ఇలాంటివే లెక్కలోకి వస్తాయి.

నా వివరాలు ఎవరి కంట పడతాయి?

పత్రికలో మీ పేరు రాదు, మీకు ఒక నంబరిస్తారు. అయితే మీ కేస్ షీటును ఎథిక్స్ కమిటీ, ఔషధ అధికారులు, స్పాన్సరు తనిఖీకి పంపే మానిటర్ చూడొచ్చు. ఇది సమ్మతి పత్రంలో రాసి ఉంటుంది, చదివే ఉండరు. ఫొటోలకు, మిగిలిన రక్తం దాచి తర్వాత వేరే పరీక్షలకు వాడుకోవడానికి విడిగా అడగాలి. దానికి వద్దని, స్టడీకి సరేననొచ్చు.

ఈ స్టడీ నిజమైనదేనా అని ఎలా తెలుసుకోవాలి?

సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీ ఉంది, 2007లో మొదలైంది. వెబ్‌సైట్లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. డాక్టర్ని రిజిస్ట్రేషన్ నంబరు అడిగి అక్కడ కొట్టి చూడండి. స్టడీ పేరు, ఆసుపత్రి, ఎంతమందిని తీసుకుంటున్నారు, కమిటీ అనుమతి ఉందా అన్నవన్నీ కనిపిస్తాయి. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలి. క్లినికల్ ట్రయల్ అంటూ నంబరు లేదంటే చేరకండి. పరిశీలన మాత్రమే చేసే చిన్న స్టడీలన్నీ అక్కడ ఉండకపోవచ్చు. వాటికి కమిటీ అనుమతి కాగితం చూపించమనండి.

నేను విశాఖలోనే ఒక ఆసుపత్రిలో పని చేసే డాక్టర్ని. చిన్న పరిశోధన మొదలుపెట్టాలంటే?

మీ ఓపీలో మిమ్మల్ని వారానికి రెండుసార్లైనా ఇబ్బంది పెట్టే ప్రశ్నతో మొదలుపెట్టండి. పోర్టులో, స్టీలు ప్లాంటులో పనిచేసే వాళ్ళ ఊపిరితిత్తులు, మత్స్యకారుల బీపీ మందులు సముద్రం మీద ఎలా తప్పిపోతున్నాయి, హైవే ప్రమాదాల్లో ఆసుపత్రికి చేరే సమయం. ఇలాంటి వాటికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ నడిపే ఆన్‌లైన్ కోర్సు పరిశోధన పద్ధతులకు మంచి పునాది. ఎంతమంది రోగులు కావాలో లెక్క వేయడానికి గణాంక నిపుణుణ్ని డేటా చేతికి వచ్చాక కాదు, మొదలు పెట్టకముందే కలవండి. కమిటీకి వచ్చే ప్రతిపాదనల్లో నేను చూసే మొదటి లోపం ఇదే.

పాత కేస్ షీట్లు తిరగేయడమే అయినా కమిటీ అనుమతి కావాలి. రోగుల సమ్మతి నుంచి మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ నిర్ణయం, మీది కాదు. మార్కెట్లో అనుమతి ఉన్న మందును కొత్త అవసరానికి, కొత్త మోతాదులో చదువు కోసం పరీక్షిస్తే, ఫలితాన్ని కంపెనీ అనుమతుల కోసం వాడనంత వరకు, కేంద్ర అనుమతి అవసరం లేకుండా కమిటీ అనుమతితో చేయొచ్చు. మీ ఆసుపత్రిలో కమిటీ లేకపోతే అదే నగరంలోనో 50 కిలోమీటర్ల పరిధిలోనో ఉన్న కమిటీని ఆశ్రయించవచ్చు. అనకాపల్లిలో ఉన్నవాళ్ళు విశాఖ కమిటీ దగ్గరకు రావొచ్చు, శ్రీకాకుళం వాళ్ళకు ఆ వీలు లేదు.

ప్రమోషన్ పాయింట్ల కోసం డబ్బు కట్టి ఏదో పత్రికలో వేయించుకునే పేపర్ల గురించి ఏం చెప్పను? రోగి ఇచ్చిన రక్తానికి అంతకంటే మర్యాద దక్కాలి. ఫలితం రాకపోయినా రాయండి, దాచకండి.

స్టడీ అయ్యాక ఫలితం మాకు చెబుతారా?

చెప్పాలి. చాలామంది చెప్పరు. చేరేటప్పుడే "అయ్యాక మాకెలా తెలుస్తుంది" అని అడిగి ఫారం మీద రాయించుకోండి.

వద్దంటే డాక్టరు గారికి కోపం వస్తుందేమో?

ఎక్కువమందికి రాదు. వాళ్ళకు రోజూ కాదనేవాళ్ళు అలవాటే. "ఆలోచించుకుని చెబుతానండి" అంటే చాలు, తర్వాత చెప్పకపోయినా ఎవరూ వెంటపడకూడదు. నిజంగానే వైద్యంలో తేడా చూపిస్తే, ఓపీ చీటీ వెనక్కి నెట్టినా, మంచం మార్చినా, సమ్మతి పత్రంలో ఉన్న ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శి నంబరుకు ఫోన్ చేయండి. ఆ ఫిర్యాదు కమిటీ మీటింగులో చదవాలి, మినిట్స్‌లో రాయాలి.

సమ్మతి పత్రం కాపీ పోగొట్టుకున్నాను.

అసలుది స్టడీ ఫైలులో ఉంటుంది. కోఆర్డినేటరును అడిగితే జిరాక్స్ ఇస్తారు, దానికి డబ్బు కట్టక్కర్లేదు.